దారి చూపినందుకు డబ్బు ఎవరు కట్టాలి?

ఫోన్‌లో దారి చూపే యాప్‌కు డబ్బు కట్టాలా, అక్కర్లేదా? అల్ ఖూజ్ క్యాంపుల్లో మనవాళ్ళ మధ్య ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. కొత్తగా డెలివరీ బైకు ఎక్కిన కుర్రాడు అడుగుతున్నాడు. పికప్ నడిపే నడివయసు మనిషి అడుగుతున్నాడు. ట్రైలర్ డ్రైవరూ అడుగుతున్నాడు. ముగ్గురి పనీ వేరు, అవసరమూ వేరు. అయినా ముగ్గురికీ ఒకే జవాబు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. "ఊరికే దొరుకుతుంటే కొనుక్కోవడం దేనికి?" అంటారు కొందరు. "డబ్బు కడితేనే మంచి దారి" అంటారు మరికొందరు. రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది.

మేము ఈ వారం మా అభిప్రాయం సూటిగా చెప్పదలచాము. మనలో ఎక్కువమందికి ఉచిత యాప్ చాలు, దాన్ని సరిగ్గా సిద్ధం చేసుకుంటే. పెద్ద బండి నడిపేవాళ్ళకు మాత్రం డబ్బు కట్టే యాప్ నిజంగా అవసరం కావచ్చు. అయితే ఆ డబ్బు కట్టవలసింది డ్రైవర్ కాదు, కంపెనీ. జీతం రాగానే ఇంటికి ఎంత పంపాలి, మెస్సుకు ఎంత, రీఛార్జ్‌కు ఎంత అని వేళ్ళ మీద లెక్కపెట్టుకునే మనిషికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

అల్ ఖూజ్‌లో దారి ఎందుకు తప్పుతుంది?

షేక్ జాయెద్ రోడ్డుకూ అల్ ఖైల్ రోడ్డుకూ మధ్య ఉన్న అల్ ఖూజ్ బయటివాళ్ళకు ఒక్క పేటలాగే కనిపిస్తుంది. ఇక్కడ ఉండేవాళ్ళకు తెలుసు ఇది ఎన్ని ముక్కలో. అల్ ఖూజ్ 1, 2, 3, 4 అని ఒక వరుస. మళ్ళీ అల్ ఖూజ్ ఇండస్ట్రియల్ ఏరియా 1, 2, 3, 4 అని మరో వరుస. "అల్ ఖూజ్ మూడుకు రా" అని కస్టమర్ ఫోన్ చేస్తే ఏ మూడో అడగాల్సిందే. వీధులకు నంబర్లున్నాయి కదా అనుకుంటే అదీ చిక్కే. దుబాయ్ పాత పద్ధతిలో ఒక ప్రాంతంలో ఉన్న వీధి నంబరే పక్క ప్రాంతంలోనూ ఉంటుంది. ఇక గోడౌన్లు, గ్యారేజీలు, క్యాంపులు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ముందువైపు షట్టరు ఒక వీధిలో, సరుకు దించే గేటు వెనక వీధిలో. మ్యాపు మనల్ని గోడ దాకా తీసుకెళ్ళి "గమ్యం చేరుకున్నారు" అంటుంది. గేటు ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి.

షేక్ జాయెద్ రోడ్డు మీద ఒక్క ఎగ్జిట్ తప్పితే మళ్ళీ వెనక్కి తిరగడానికి కిలోమీటర్లు పోవాలి. సైకిల్ మీద, కాలినడకన పోయేవాడికి అది అలసట. డెలివరీ కుర్రాడికి ఆలస్యం. పికప్ డ్రైవర్‌కు పెట్రోలు, టోలు. ట్రైలర్ డ్రైవర్‌కు పెద్ద ఫైనే పడవచ్చు. అందుకే మన అల్ ఖూజ్‌లో దారి చూపే యాప్ అన్నది వేడుక కాదు, పనిముట్టు. పనిముట్టు విషయంలో అడగవలసిన ప్రశ్నలు రెండు. పనికి వస్తుందా? ఖర్చు ఎవరిది?

ఏది ఉచితం, ఏది కాదు?

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. మనం ఎక్కడున్నామో ఫోన్‌కు తెలియడానికి నెట్ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. ఆకాశంలో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాన్ని ఫోన్ ఊరికే అందుకుంటుంది. ఈ ఉపగ్రహాలు అమెరికా ప్రభుత్వానివి. మొదట్లో సైన్యానికి ఖచ్చితమైన సంకేతం, మామూలు జనానికి కావాలని తప్పు కలిపిన సంకేతం ఇచ్చేవారు. 2000 మే 2న ఆ పద్ధతిని ఆపేశారు. అప్పటిదాకా సుమారు 100 మీటర్ల దాకా తప్పు చూపగలిగిన యంత్రం ఆ రోజు నుంచి ఏ రోడ్డు మీద ఉన్నామో చెప్పగలిగింది. కనుక మ్యాపులో కనిపించే నీలి చుక్క నిజంగానే ఉచితం.

ఖర్చంతా ఆ చుక్క కింద ఉండే మ్యాపు దగ్గర మొదలవుతుంది. రోడ్లు కొలిచి, పేర్లు రాసి, వన్‌వేలు గుర్తించి, మారినప్పుడల్లా దిద్దడానికి మనుషులు, డబ్బు కావాలి. అందుకే 2000 తర్వాత కొన్నేళ్ళపాటు దారి చూపడం అంటే డబ్బున్నవాళ్ళ సరుకు. టామ్‌టామ్, గార్మిన్ పెట్టెలు కారు అద్దానికి అంటించుకునేవారు. కొత్త మ్యాపు కావాలంటే మళ్ళీ కొనుక్కోవాలి. నోకియా ఫోన్లలో కూడా మలుపు మలుపుకూ దారి చెప్పాలంటే విడిగా డబ్బు కట్టాలి.

2009 అక్టోబర్‌లో గూగుల్ ఫోన్‌లో మలుపు మలుపుకూ దారి చెప్పడం ఉచితం అని ప్రకటించింది. ఆ వార్తతో టామ్‌టామ్, గార్మిన్ షేర్లు ఒక్కసారిగా పడిపోయాయి. మూడు నెలలు తిరక్కుండా, 2010 జనవరిలో నోకియా కూడా తన దారి సేవను ఉచితం చేసింది. ఈ రోజు మన చేతిలో ఉన్న ఉచిత యాప్‌ల వెనుక ఉన్న కథ ఇదే. ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, వ్యాపారుల పోటీలో మనకు దక్కింది.

ఉచిత యాప్‌లకు మనం కట్టే ధర

ఉచితం అంటే ధర లేదని కాదు, దిర్హాంలలో లేదని. గూగుల్ మ్యాప్స్‌కు మనం కట్టేది మన సమాచారం. ఏ వేళకు ఎక్కడికి పోతున్నాం, ఎక్కడ ఆగుతున్నాం, ఏ దుకాణం కోసం వెతుకుతున్నాం అన్న సమాచారంతో ప్రకటనల వ్యాపారం నడుస్తుంది. మనం పోయే చోట్లను నమోదు చేసే విషయంలో వినియోగదారులను తప్పుదోవ పట్టించిందన్న ఆరోపణ మీద 2022 నవంబర్‌లో గూగుల్ అమెరికాలోని 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. దాచుకోవలసిందేమీ లేని వాడికి ఇది పెద్ద విషయం కాదనిపించవచ్చు. అయినా ఏం ఇచ్చి ఏం తీసుకుంటున్నామో తెలిసి తీసుకోవడం మేలు.

రెండో ధర నెట్. ఫోన్‌లో దారి చూడటానికి ఖర్చయ్యే డేటా వీడియోతో పోలిస్తే చాలా తక్కువ. కానీ నెలాఖరులో డేటా అయిపోయినవాడికి ఆ కొంచెం కూడా ఉండదు. దీనికి మందు ఉంది. మ్యాపును ముందే ఫోన్‌లోకి దించుకుని పెట్టుకోవడం. క్యాంపులో గానీ మాల్‌లో గానీ వైఫై దొరికినప్పుడు దుబాయ్ ప్రాంతాన్ని దించుకుంటే, తర్వాత నెట్ లేకపోయినా కారు దారి చూపుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో దించుకున్న మ్యాపుకు గడువు ఉంటుంది, మధ్యమధ్యలో తాజా చేసుకోవాలి. నెట్ లేనప్పుడు ట్రాఫిక్ కనిపించదు. నడక దారి, బస్సు దారి చూపదు.

వేజ్ అనే యాప్ ఇజ్రాయెల్‌లో పుట్టింది. 2013లో గూగుల్ కొన్నది. దారిలో ఉన్న డ్రైవర్లే ప్రమాదం, రోడ్డు పని, జామ్ వంటివి ఎప్పటికప్పుడు చెబుతారు. అదే దాని బలం. మ్యాపు దించుకునే ఏర్పాటు లేకపోవడం దాని బలహీనత. నెట్ లేనివాడికి వేజ్ లేనట్టే. హియర్ వీగో అన్నది నోకియా మ్యాపుల వారసురాలు. 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ అనే మూడు జర్మన్ కార్ల కంపెనీలు కలిసి కొన్నాయి. దేశం మొత్తం మ్యాపును ఉచితంగా దించుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్ మరో రకం. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రజల మ్యాపు మీద ఇది నడుస్తుంది. ప్రకటనలు లేవు, మన సమాచారం సేకరించదు, విరాళాల మీద బతుకుతుంది. నెట్ లేకుండానే నడక దారి కూడా చూపుతుంది. ట్రాఫిక్ మాత్రం చెప్పదు.

కనుక ఉచిత యాప్‌లలోనే ఒకటి కాదు, రెండు పెట్టుకోవాలన్నది మా సలహా. నెట్ ఉన్నప్పుడు ట్రాఫిక్ చూడటానికి ఒకటి, నెట్ లేనప్పుడు దారి చూడటానికి ఒకటి. రెండూ కలిసినా ఖర్చు సున్నా.

డబ్బు కడితే వచ్చేది ఏమిటి?

డబ్బు కట్టే యాప్‌లలో పేరున్నవి స్లొవేకియా దేశపు సైజిక్, డచ్చివారి టామ్‌టామ్. మ్యాపు దించుకోవడం, ఏ లేనులో ఉండాలో బొమ్మ వేసి చూపడం, వేగం హద్దు చెప్పడం, ప్రకటనలు లేకపోవడం వీటిలో చెప్పుకోదగ్గవి. బాగున్నాయి. అయితే వీటిలో చాలా భాగం ఇప్పుడు ఉచిత యాప్‌లు కూడా చేస్తున్నాయి. బైకుకూ, కారుకూ, చిన్న పికప్‌కూ వీటి కోసం ఏటేటా చందా కట్టవలసినంత తేడా మాకు కనబడలేదు.

తేడా కనబడేది పెద్ద బండి దగ్గర. మామూలు గూగుల్ మ్యాప్స్ మన బండిని కారు అనుకుంటుంది. మనం నడుపుతున్నది ఎంత ఎత్తు, ఎంత పొడవు, ఎంత బరువు అని అడగదు. తక్కువ ఎత్తున్న వంతెన కిందికి పంపుతుంది, ట్రైలర్ తిరగలేని సందులోకి పంపుతుంది. లారీలకు నిషేధం ఉన్న రోడ్డు మీదికీ పంపుతుంది. దుబాయ్‌లో చాలా రోడ్ల మీద లారీలకు నిషేధ వేళలు ఉన్నాయి. 2025 జనవరి 1 నుంచి ఎమిరేట్స్ రోడ్డు మీద కూడా అల్ అవీర్ స్ట్రీట్ నుంచి షార్జా వైపు సాయంత్రం 5.30 నుంచి 8 గంటల దాకా లారీలు పోకూడదని పెట్టారు. ఉచిత యాప్‌కు ఇవేవీ పట్టవు. అది చెప్పిన దారిన పోయాను అంటే పోలీసు ఫైన్ మానడు.

సైజిక్‌లో, టామ్‌టామ్‌లో లారీల కోసం వేరే యాప్‌లు ఉన్నాయి. బండి ఎత్తు, బరువు, పొడవు రాసి పెడితే దానికి తగిన దారి వెతుకుతాయి. వాటికి డబ్బు కట్టాలి. ఆ ఖర్చు దండగ కాదు. అయితే కొనేముందు ఒక మాట కనుక్కోవాలి. ఎమిరేట్స్‌లోని నిషేధ రోడ్లు, వేళలు ఆ మ్యాపులో ఉన్నాయా లేవా? యూరప్ రోడ్లకు బాగా పనిచేసే యాప్ ఇక్కడి రోడ్లకు అంతే బాగా పనిచేస్తుందని అనుకోవడానికి లేదు. కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూసే అవకాశం ఇస్తే, రోజూ పోయే దారిలోనే పరీక్షించి చూడాలి.

ఖర్చు ఎవరిది?

అసలు ప్రశ్న ఇది. మేస్త్రీకి తాపీ, వెల్డరుకు ముసుగు ఎలాగో డ్రైవర్‌కు మ్యాపు అలాగ. కంపెనీ బండి, కంపెనీ సరుకు, కంపెనీ కస్టమర్. మరి దారి ఖర్చు మాత్రం డ్రైవర్ జేబులోంచి ఎందుకు పోవాలి? ఫోన్ మనది, డేటా మనది, యాప్ చందా మనది, ఆలస్యమైతే కోత కూడా మనదే అంటే అది న్యాయమైన లెక్క కాదు. ముఖ్యంగా డెలివరీ బైకు సోదరులలో చాలామంది యాప్ కంపెనీ కింద నేరుగా కాక మధ్యలో ఉన్న కాంట్రాక్టు కంపెనీ కింద పనిచేస్తున్నారు. అడిగితే వీళ్ళు వాళ్ళ మీద, వాళ్ళు వీళ్ళ మీద తోస్తారు.

చట్టం ఏమంటున్నదో తెలుసుకుని ఉండటం మంచిది. 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉంది. ఏయే కారణాలకు జీతంలో కోత పెట్టవచ్చో అందులోని 25వ అధికరణం వరుసగా చెబుతుంది. ఆ వరుసలో మ్యాపు చందా అనే పద్దు లేదు. యజమాని ఇచ్చే సౌకర్యానికి కోత పెట్టాలన్నా మంత్రిత్వ శాఖ ఆమోదం ఉండాలి, కార్మికుడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కనుక అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం చూపి "ఊరికే సంతకం పెట్టు" అంటే, అందులో ఏముందో చదివించుకున్నాకే పెట్టండి. కోత అన్యాయమనిపిస్తే మానవ వనరుల, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖకు 600590000 నంబరు మీద ఫోన్ చేయవచ్చు. ఇళ్ళల్లో డ్రైవర్లుగా, ఇంటిపనికి వచ్చినవాళ్ళకు వర్తించేది వేరే చట్టం, 2022 నాటి 9వ నంబరుది. వాళ్ళూ ఇదే మంత్రిత్వ శాఖను ఆశ్రయించవచ్చు.

యజమానులకూ మా మాట ఒకటి. ఒక ట్రైలర్ తప్పు రోడ్డు మీద పట్టుబడితే పోయే డబ్బు ముందు ఏడాది చందా ఏపాటి? పది బండ్లకు మ్యాపు కొనిపెట్టిన కంపెనీ నష్టపోదు. పదిమంది డ్రైవర్ల దగ్గర వసూలు చేసిన కంపెనీ వాళ్ళ నమ్మకం పోగొట్టుకుంటుంది.

సాలిక్ లెక్క

అల్ ఖూజ్ బండ్లకు మరో లెక్క ఉంది. సాలిక్ టోలు 2007 జూలై 1న మొదలైంది. 2024 నవంబర్ 24 నుంచి మరో రెండు గేట్లు వచ్చాయి. ఒకటి అల్ ఖైల్ రోడ్డు మీద బిజినెస్ బే క్రాసింగ్ దగ్గర. రెండోది అల్ సఫా సౌత్, షేక్ జాయెద్ రోడ్డు మీద అల్ మైదాన్ స్ట్రీట్‌కూ ఉమ్ అల్ షీఫ్ స్ట్రీట్‌కూ మధ్య, అంటే మన గుమ్మంలోనే. 2025 జనవరి 31 నుంచి రేట్లు కూడా వేళను బట్టి మారాయి. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 10 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా 6 దిర్హాంలు. మిగతా వేళల్లో 4 దిర్హాంలు. రాత్రి 1 నుంచి తెల్లవారి 6 దాకా లేదు. ఆదివారం రద్దీ రేటు ఉండదు. రంజాన్ నెలలో వేళలు మారుతాయి.

టోలు డ్రైవర్‌కు లెక్కగట్టే చోట ఇది ప్రాణం తీసే లెక్క. రద్దీ వేళలో రోజుకు నాలుగు సార్లు గేటు దాటితే 24 దిర్హాంలు. టోలు లేని దారి చూపు అనే ఏర్పాటు ఉచిత యాప్‌లలోనే ఉంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అయితే కళ్ళు మూసుకుని దాన్ని పెట్టుకోవద్దు. టోలు తప్పించుకోబోయి దూరం తిరిగితే పెట్రోలు, సమయం అంతకు మించి పోవచ్చు. రెండు దారులూ పక్కపక్కన చూసుకుని తేల్చుకోండి. అల్ సఫాలోని రెండు గేట్లనూ ఒకే వైపు పోతూ గంటలోపు దాటితే ఒక్కసారే పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

మ్యాపు చెప్పిందే వేదం కాదు

ఉచితమైనా, కొన్నదైనా యాప్‌కు కళ్ళు లేవు. కళ్ళు మనకున్నాయి. 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామగంగ నది మీద విరిగిన వంతెన పైనుంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వాళ్ళు ఫోన్ చూపిన దారిలో పోయారని పోలీసులు చెప్పారు. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో 75 ఏళ్ళలో ఎన్నడూ లేని వాన పడింది. దుబాయ్ రోడ్లు చెరువులయ్యాయి. దించుకున్న మ్యాపుకు వానొచ్చిందని తెలియదు. అలాంటి రోజు డ్రైవర్లు చెప్పుకునే యాప్, పోలీసుల ప్రకటన, తోటి డ్రైవర్ ఫోన్ కాల్ ఎక్కువ పనికివస్తాయి.

డెలివరీ సోదరులు ఒకటి గమనించాలి. దుబాయ్‌లో 2025 నవంబర్ 1 నుంచి డెలివరీ బైకులు వేగపు లేన్లలో పోకూడదు. ఒకవైపు అయిదు, అంతకంటే ఎక్కువ లేన్లున్న రోడ్డు మీద ఎడమవైపు రెండు లేన్లు, మూడు నాలుగు లేన్లున్న చోట ఎడమ చివరి లేను నిషిద్ధం. కారు కోసం తయారైన మ్యాపు "ఎడమ లేనులో ఉండండి" అనవచ్చు. దాని మాట వింటే ఫైన్ మనకే. యాప్ చూపే సమయం కూడా కారు లెక్కే. దాన్ని అందుకోవాలని వేగం పెంచడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక ఫోన్ చేతిలో పట్టుకుని దారి చూస్తే 800 దిర్హాంల ఫైన్, 4 బ్లాక్ పాయింట్లు. 24 పాయింట్లయితే లైసెన్సే పోతుంది. ఫోన్ నిలిపే స్టాండు, గొంతుతో చెప్పే దారి, ఈ రెండూ ఏ చందా కంటే ముందు పెట్టుకోవలసినవి. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులోనూ మాట్లాడుతోంది. సెట్టింగ్స్‌లో గొంతు తెలుగుకు మార్చుకోవచ్చు. ఇంగ్లీషు చదవడం రాదని సంకోచపడే సోదరులకు ఇది పెద్ద ఆసరా. బండి కదలక ముందే గమ్యం పెట్టుకోండి. దారిలో మార్చవలసి వస్తే పక్కకు ఆపి మార్చుకోండి.

మోసపోయే చోట్లు

డబ్బు కట్టే యాప్‌ను ఎవరో "క్రాక్" చేసి పంపితే తీసుకునేవాళ్ళు మనలో ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చే అలాంటి ఫైళ్ళు ఫోన్‌లో పెడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఇంటికి డబ్బు పంపే యాప్, బ్యాంకు మెసేజీలు, పాస్‌పోర్టు ఫోటోలు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి. చందా మిగిలించబోయి జీతం పోగొట్టుకోవద్దు. యాప్ ఏదైనా ఫోన్‌లోని అసలు స్టోర్ నుంచే తీసుకోండి.

ఇంకొకటి, "ఏడు రోజులు ఉచితం" అని కార్డు నంబరు అడిగే యాప్‌లు. గడువు దాటాక మనం చెప్పకుండానే డబ్బు పోతుంది. యాప్‌ను ఫోన్ నుంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. స్టోర్‌లోకి వెళ్ళి చందా రద్దు చేయాలి. ఈ తేడా తెలియక నెలల తరబడి కట్టేవాళ్ళు ఉంటారు. ఈ రాత్రే మీ ఫోన్‌లో చందాల పేజీ తెరిచి చూసుకోండి.

ఇప్పుడు చేయవలసినది

క్యాంపులో కొత్తగా దిగిన మనిషికి మొదటి శుక్రవారమే పాతవాళ్ళు ఈ సాయం చేయాలని మా విజ్ఞప్తి. వైఫైలో మ్యాపు దించిపెట్టండి. క్యాంపు, కంపెనీ, దగ్గరి మెట్రో స్టేషన్, ఆస్పత్రి, బర్ దుబాయ్‌లోని భారత కాన్సులేట్, ఇవి పేర్లు పెట్టి దాచిపెట్టండి. వాట్సాప్‌లో లొకేషన్ పంపడం నేర్పండి. ఒంట్లో బాగాలేక 998కి అంబులెన్స్ కోసం ఫోన్ చేసినప్పుడు "అల్ ఖూజ్‌లో క్యాంపు" అంటే చాలదు.

దానికీ ఒక ఉచిత ఉపాయం ఉంది. దుబాయ్ మునిసిపాలిటీ ప్రతి భవనం గుమ్మానికీ 10 అంకెల మకానీ నంబరు ఇచ్చింది. అరబ్బీలో మకానీ అంటే "నా చోటు" అని. గేటు పక్కన ఆ నంబరు పలక ఉంటుంది. మకానీ యాప్‌లో ఆ నంబరు కొడితే వీధి పేర్ల తికమక లేకుండా సరిగ్గా ఆ గుమ్మమే చూపుతుంది. మన క్యాంపు మకానీ నంబరు ప్రతి గదిలో తలుపు వెనక రాసి పెట్టుకుందాం. డెలివరీకి పోయేవాళ్ళు కస్టమర్‌ను కూడా అదే అడగడం అలవాటు చేసుకుందాం. అల్ ఖూజ్ గోడౌన్ల మధ్య ఏ చందా యాప్ చేయలేని పని ఈ పది అంకెలు చేస్తాయి.

చివరికి మా మాట ఇది. నడిచేవాళ్ళకు, బస్సు, మెట్రో ఎక్కేవాళ్ళకు, బైకు, పికప్ నడిపేవాళ్ళకు ఉచిత యాప్‌లే చాలు. జేబులోంచి తీయకండి. ట్రైలర్, పెద్ద లారీ నడిపేవాళ్ళు లారీల యాప్ అడగండి. కంపెనీని అడగండి, నలుగురూ కలిసి అడగండి. ఒక్కడు అడిగితే అది ఫిర్యాదు అవుతుంది, నలుగురు అడిగితే అది అవసరం అవుతుంది.

యాప్ తెల్లముఖం వేసిన చోట బకాలా దగ్గర ఆగి ఒక్క మాట అడగడానికి మొహమాటపడకండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. మలయాళీ అయినా, పఠాన్ అయినా, బంగ్లాదేశీ అయినా ఈ ఊళ్ళో దారి తెలిసినవాడు దారి చెబుతాడు. దానికి ఇప్పటిదాకా ఎవరూ చందా పెట్టలేదు.